న్యూయార్క్ ఫెడ్ లెక్కల్లో 'ఇతర ఆస్తులు': పద్దు పద్దునా విప్పి చూసిన కేస్ స్టడీ

కేసు ఇదీ

2023లో అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థ ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్)లోని 12 ప్రాంతీయ బ్యాంకుల ఉమ్మడి నష్టం దాదాపు 114.3 బిలియన్ డాలర్లు. అంటే 11,430 కోట్ల డాలర్లు. వాటి మిగులు నిధికి చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి మొత్తం 6.785 బిలియన్లే. మిగులు కంటే పదహారు రెట్లకు పైగా నష్టం వచ్చినా ఆ మిగులు అలాగే ఉంది, మూలధనమూ అలాగే ఉంది. మరి నష్టం ఏ పద్దులో కూర్చుంది?

చాలామంది చెయ్యి ముందు 'ఇతర ఆస్తులు' లైను మీదికే పోతుంది. పేరు తెలియనివన్నీ అక్కడే ఉంటాయన్న అనుమానం సహజమే. తీరా ఫెడ్ ప్రతి వారం ఆస్తులు, అప్పులతో విడుదల చేసే వారపు పత్రం తెరిచి చూస్తే ఆ లైను పదుల బిలియన్ల దగ్గరే తిరుగుతూ ఉంటుంది. కొన్ని వారాలు పెరుగుతుంది, కొన్ని తేదీల తర్వాత ఒక్కసారి పడుతుంది, మళ్లీ పెరుగుతుంది. నష్టాల పోకడకూ దానికీ పొంతన ఉండదు.

ఈ కేసులో తేల్చాల్సింది మూడు: ఆ లైనులో నిజంగా ఏముంది, అది ఎందుకు అలా ఊగుతుంది, నష్టం తాలూకు పద్దు ఎక్కడుంది. నమూనాగా న్యూయార్క్ ఫెడ్‌ను తీసుకున్నాం. 12 బ్యాంకుల్లో అదే పెద్దది. మిగతా 11 బ్యాంకుల్లో కనిపించని పద్దు ఒకటి దాని పుస్తకాల్లో ఉండటం మరో కారణం.

అంకెల గురించి ఒక్క మాట. ఫెడ్ వారపు పత్రంలో అన్నీ మిలియన్ డాలర్లలో ఉంటాయి. అక్కడ 1,000 అని ఉంటే అది 1 బిలియన్, మన లెక్కలో 100 కోట్ల డాలర్లు. లక్షలు, కోట్లలోకి మార్చేటప్పుడు ఒక సున్నా జారడం ఈ పనిలో తరచూ జరిగే తప్పు. పని మొత్తం మిలియన్లలోనే చేసి, చివర్లో ఒకేసారి మార్చుకోవడం మంచిది.

చేతిలో ఉండాల్సిన పత్రాలు

మొదటిది హెచ్.4.1 అనే వారపు ప్రకటన. బుధవారం సాయంత్రానికి ఉన్న నిల్వలతో మామూలుగా గురువారం వస్తుంది. ఇందులో ఈ కేసుకు మూడు పట్టికలు కావాలి. 1వ పట్టికలో బ్యాంకు రిజర్వుల (బ్యాంకులు ఫెడ్ దగ్గర ఉంచే డిపాజిట్ల) మీద ప్రభావం చూపే అంశాలు, వారపు సగటుతో సహా ఉంటాయి. 5వ పట్టికలో 12 బ్యాంకుల ఉమ్మడి ఆస్తులు, అప్పులు ఉంటాయి. 6వ పట్టికలో ఒక్కో బ్యాంకుది విడివిడిగా ఉంటుంది.

రెండోది ఆడిట్ అయిన వార్షిక నివేదిక. 12 బ్యాంకుల ఉమ్మడిదీ, ఒక్కో బ్యాంకుదీ వేర్వేరుగా దొరుకుతాయి. మూడోది రిజర్వ్ బ్యాంకుల కోసం ఫెడరల్ రిజర్వ్ బోర్డు తయారుచేసిన ఆర్థిక అకౌంటింగ్ మాన్యువల్. ఏ పద్దు ఏ ఖాతాలో పడాలో అందులోనే ఉంటుంది. ఫెడ్ లెక్కలు కంపెనీల సాధారణ అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం నడవవు, ఈ మాన్యువల్ ప్రకారం నడుస్తాయి. సెక్యూరిటీలను (బాండ్ల వంటి పెట్టుబడి పత్రాలను) మార్కెట్ ధరకు కాకుండా కొన్న ఖరీదు ఆధారంగా చూపిస్తారు. కొనుగోళ్లు ఒప్పందం తేదీన కాక, సొమ్ము చేతులు మారిన తేదీన పుస్తకాల్లోకి ఎక్కుతాయి. నగదు ప్రవాహాల పట్టీ అసలు ఉండదు. కంపెనీ బ్యాలెన్స్ షీట్లు చదివిన అలవాటుతో ఇక్కడికొస్తే ఈ తేడాలు ముందే మనసులో ఉండాలి.

ఒకే పేరు, మూడు వెడల్పులు

'ఇతర ఆస్తులు' అనే పేరు మూడు పట్టికల్లోనూ ఉంది. మూడింటి హద్దులూ వేరు.

1వ పట్టికలోని లైనులో రావలసిన వడ్డీ, ఇతర బకాయిలతో పాటు బ్యాంకు భవనాలు కూడా కలిసి ఉంటాయి. 5వ పట్టికలో భవనాలకు ఒక లైను, వసూలులో ఉన్న చెక్కులకు ఒక లైను విడిగా ఇచ్చి, మిగిలినదాన్ని 'ఇతర ఆస్తులు' అంటారు. ఇటీవలి సంచికల 6వ పట్టికలో ఆ విడి లైన్లు లేవు, అవన్నీ ఒక్క గంపగుత్త అంకెలో కలుస్తాయి. అందువల్ల 5వ పట్టికలోని అంకెను 6వ పట్టికలోని 12 అంకెల మొత్తంతో నేరుగా పోల్చకూడదు. 5వ పట్టికలో భవనాలు, వసూలులోని చెక్కులు, ఇతర ఆస్తులు మూడూ కూడి, ఆ మొత్తాన్ని 6వ పట్టికతో సరిచూడాలి. గుండ్రంగా చేయడం వల్ల వచ్చే ఒకటి రెండు మిలియన్ల తేడా తప్ప మిగిలిందంతా సరిపోవాలి. సరిపోకపోతే ఆ వారం పట్టిక అడుగున ఉన్న వివరణలు చదవాలి. వర్గీకరణ మారిన సంగతి అక్కడే రాస్తారు.

పాత సంచికలతో పోల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. ముఖ విలువ కంటే ఎక్కువ పెట్టి కొన్న సెక్యూరిటీల మీద ఇంకా తగ్గించని ప్రీమియం ఒకప్పుడు 'ఇతర ఆస్తుల్లో'నే ఉండేది. ఇప్పుడు దానికి సొంత లైను ఉంది. భారీ కొనుగోళ్ల కాలంలో ఆ ప్రీమియం ఈ లైనులోని అసలు సరుకును మించిపోయింది. ఇది గమనించకుండా పాత అంకె పక్కన కొత్త అంకె పెట్టి గ్రాఫు గీస్తే, ఎవరూ ఏమీ అమ్మకుండానే ఆస్తులు కరిగిపోయినట్టు కనిపిస్తాయి.

పేరును బట్టి ఇక్కడికి చేర్చకూడనివీ ఉన్నాయి. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు, సిగ్నేచర్ బ్యాంకు కూలినప్పుడు వాటి స్థానంలో డిపాజిట్ బీమా సంస్థ ఏర్పాటు చేసిన వారధి బ్యాంకులకు ఫెడ్ అప్పులిచ్చింది. 2023 మార్చి 15 నాటి పత్రంలో 'ఇతర రుణ సహాయం' పేరుతో 142.8 బిలియన్లు కనిపించాయి. పేరులో 'ఇతర' ఉన్నా అది రుణాల లెక్కలోది. బంగారం సర్టిఫికెట్లకూ విడి లైను ఉంది. ఔన్సుకు 42.2222 డాలర్ల చట్టబద్ధ ధరకు వాటి విలువ 11,037 మిలియన్లుగా ఏళ్ల తరబడి నిలిచి ఉంది. ఆ బంగారం ట్రెజరీది, అంటే అమెరికా ఆర్థిక శాఖది. 1934 నాటి గోల్డ్ రిజర్వ్ చట్టంతో రిజర్వ్ బ్యాంకుల బంగారం ట్రెజరీకి వెళ్లి, బదులుగా ఈ కాగితం వచ్చింది. బంగారం మార్కెట్ ధర పెరిగితే లాభం ట్రెజరీకి తప్ప రిజర్వ్ బ్యాంకు పుస్తకాలకు రాదు. భారత రిజర్వ్ బ్యాంకు తన బంగారాన్ని మార్కెట్ ధరను బట్టి విలువ కట్టి, తేడాను పునర్విలువ ఖాతాలో వేస్తుంది. రెండు కేంద్ర బ్యాంకుల ఆస్తిఅప్పుల పట్టీలూ పక్కపక్కన పెట్టి చదివేవారు మొదట గుర్తించాల్సిన తేడా ఇది.

రావలసిన వడ్డీ: లైను ఊగడానికి అసలు కారణం

'ఇతర ఆస్తుల్లో' వారం వారం కదిలే సరుకు ప్రధానంగా రావలసిన వడ్డీ. ట్రెజరీ నోట్లు, బాండ్ల మీద వడ్డీ ఆరు నెలలకోసారి వస్తుంది, సంపాదన మాత్రం రోజూ పుడుతుంది. పుట్టి, ఇంకా చేతికి రాని వడ్డీ అంతా ఇక్కడ ఆస్తిగా పోగవుతుంది.

ఒక నోటును దగ్గరగా చూద్దాం. ముఖ విలువ 10 బిలియన్లు, కూపన్ (నోటు మీద ముందే నిర్ణయించిన వడ్డీ) ఏటా 4 శాతం, చెల్లింపు తేదీలు మే 15, నవంబరు 15 అనుకుందాం. ఒక్కో విడత వడ్డీ 200 మిలియన్లు. నవంబరు 15 నుంచి మే 15 వరకు, లీపు సంవత్సరం కాకపోతే, 181 రోజులు. 200ను 181తో భాగిస్తే రోజుకు 1.105 మిలియన్లు. ఫిబ్రవరి 12 నాటికి 89 రోజులు గడిచాయి, కాబట్టి ఆ ఒక్క నోటు వల్ల 'ఇతర ఆస్తుల్లో' 98.3 మిలియన్లు నిలిచి ఉంటాయి. మే 14 నాటికి అది 199 మిలియన్లకు చేరుతుంది. మరునాడు ట్రెజరీ 200 మిలియన్లు చెల్లించగానే ఆ పద్దు సున్నా అవుతుంది.

ఇలాంటి వందలాది సెక్యూరిటీలు ఒకే రోజుల్లో వడ్డీ చెల్లిస్తాయి. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల 15వ తేదీ దీర్ఘకాలిక బాండ్లకూ పదేళ్ల నోట్లకూ ముఖ్యం. రెండు, ఐదు, ఏడేళ్ల నోట్లకు నెలాఖరు. అందుకే లైను మెల్లగా మెట్లెక్కి, ఆ తేదీలు దాటగానే దబ్బున దిగుతుంది. బుధవారం 14వ తేదీన పడితే ఎత్తు, 15న పడితే పల్లం కనిపిస్తుంది. ఒక్క రోజు తేడాతో బిలియన్ల మార్పు వస్తుంది, దాని వెనక ఏ సంఘటనా ఉండదు. ఒక వారంతో మరో వారాన్ని కాకుండా, కూపన్ తేదీకి అంతే దూరంలో ఉన్న నిరుటి బుధవారంతో పోల్చాలి.

వెళ్లిన డబ్బు ఎక్కడ తేలుతుంది? ట్రెజరీ కూపన్ చెల్లించినప్పుడు ఫెడ్ పుస్తకాల్లో ఆస్తుల వైపు రావలసిన వడ్డీ తగ్గుతుంది, అప్పుల వైపు ట్రెజరీ సాధారణ ఖాతా (ఫెడ్ దగ్గర ప్రభుత్వానికి ఉన్న ఖాతా) అంతే మొత్తం తగ్గుతుంది. రెండు వైపులా ఒకేసారి దిగుతుంది కాబట్టి బ్యాంకుల రిజర్వుల మీద ఈ చెల్లింపు ప్రభావం ఉండదు.

గృహ రుణాల ఆధారిత సెక్యూరిటీలు ప్రతి నెలా చెల్లిస్తాయి, వాటి లెక్క 30 రోజుల నెల, 360 రోజుల సంవత్సరం ప్రకారం నడుస్తుంది. అందువల్ల వాటి రావలసిన వడ్డీ పెద్దగా పేరుకోదు. ట్రెజరీ బిల్లులకు కూపనే లేదు, తక్కువకు కొని ముఖ విలువ రాబట్టుకుంటారు, ఆ తేడా డిస్కౌంటు లైనులో కరుగుతుంది. ద్రవ్యోల్బణంతో ముడిపడిన బాండ్ల అసలు పెరుగుదలకు సెక్యూరిటీల లెక్కలోనే వేరే లైను ఉంది. ఈ చివరి రెండింటినీ 'ఇతర ఆస్తుల్లో' వెతికితే దొరకవు.

వడ్డీ పద్దు సబబుగా ఉందో లేదో సరిచూడడానికి తేలికైన దారి ఒకటుంది. కూపన్ ఉన్న ట్రెజరీ నిల్వను సగటు కూపన్‌తో గుణించి నాలుగుతో భాగించాలి. చెల్లింపు తేదీలు ఏడాది పొడవునా సమంగా చెదిరి ఉంటే సగటున మూడు నెలల వడ్డీ పోగై ఉంటుంది. ఉదాహరణకు 4 ట్రిలియన్ల నిల్వ, 2 శాతం సగటు కూపన్ అయితే ఏడాది వడ్డీ 80 బిలియన్లు, మూడు నెలలకు 20 బిలియన్లు. అసలు అంకె దీనికి కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, సగం లేదా రెట్టింపు ఉంటే మన లెక్కలోనే ఏదో తప్పింది.

చిన్న పద్దులు

సాఫ్ట్‌వేర్: చెల్లింపుల వ్యవస్థల కోసం సొంతంగా రాయించుకున్న ప్రోగ్రాముల ఖర్చును ఒకేసారి రాబడిలోంచి తీసెయ్యకుండా ఆస్తిగా చూపి, కొన్నేళ్లలో సమాన వాయిదాలుగా తగ్గిస్తారు. వార్షిక నివేదికలో ఇది 'ఇతర ఆస్తుల్లో'నే ఉంటుంది. భవనాలు, యంత్రాలు వేరే లైను, వాటి తరుగుదల ఆయుష్షు 2 నుంచి 50 ఏళ్ల దాకా.

బకాయిలు: ట్రెజరీ తరఫున రిజర్వ్ బ్యాంకులు బాండ్ల వేలాలు నడుపుతాయి, ప్రభుత్వ చెల్లింపులు చేస్తాయి. ఆ ఖర్చు ట్రెజరీ తిరిగి ఇస్తుంది. బిల్లు పంపి సొమ్ము రానంతకాలం అది ఇక్కడ ఉంటుంది.

సస్పెన్స్, తేడాల ఖాతాలు: ఏ ఖాతాకు చెందుతుందో వెంటనే తేలని జమలు, నగదు లెక్కింపులో వచ్చిన తేడాలు తాత్కాలికంగా ఇక్కడ ఆగుతాయి. మొత్తం చిన్నదే. అయినా ఆడిటర్ మొదట అడిగేది వీటి వయసు. ఎంత ఉందన్నదాని కంటే ఎన్నాళ్లుగా ఉందన్నదే ముఖ్యం. వారం దాటిన సస్పెన్స్ పద్దు ఉందంటే ఎక్కడో పని ఆగిపోయిందని అర్థం.

వసూలులోని చెక్కులు 5వ పట్టికలో విడిగా ఉన్నా 6వ పట్టికలో కలుస్తాయి కాబట్టి ఇక్కడే చెప్పుకోవాలి. చెక్కు జమ చేసిన బ్యాంకుకు ఫెడ్ ముందే క్రెడిట్ ఇచ్చి, చెల్లించే బ్యాంకు నుంచి తర్వాత వసూలు చేసుకుంటే మధ్యలో ఏర్పడేదే ఫ్లోట్. కాగితం చెక్కులు విమానాల్లో తిరిగిన రోజుల్లో ఇది లెక్కలోకి తీసుకోవాల్సిన మొత్తం. 2001 సెప్టెంబరు 11 తర్వాత విమానాలు ఆగిపోగా ఫ్లోట్ కొద్దిరోజులు పదుల బిలియన్లకు ఎగబాకింది. 2003లో చట్టమైన చెక్ 21, 2004 అక్టోబరులో అమల్లోకి వచ్చి, చెక్కు బొమ్మ నుంచి అచ్చువేసిన ప్రత్యామ్నాయ చెక్కును అసలు చెక్కుతో సమానం చేశాక, ఈ లైను దాదాపు ఎండిపోయింది.

నాణేలు ఆస్తుల్లో ఉన్నాయి, నోట్లు లేవు. ఎందుకంటే నాణేలు ట్రెజరీ బాధ్యత, ఫెడ్ వాటిని టంకశాల నుంచి ముఖ విలువకు కొంటుంది. నోట్లు రిజర్వ్ బ్యాంకు సొంత బాధ్యత. ఖజానాలో ఉన్న తన నోటు తనకే ఆస్తి కాదు కాబట్టి, అప్పుల వైపు చలామణీ నోట్లలోంచి దాన్ని తీసేస్తారు.

న్యూయార్క్ పుస్తకాల ప్రత్యేకత

ఇక 12 బ్యాంకుల్లో న్యూయార్క్ ఎందుకు వేరు? ఫెడ్ వ్యవస్థ మొత్తానికి ఉన్న ఉద్యోగుల పెన్షన్ పథకాన్ని వ్యవస్థ తరఫున న్యూయార్క్ ఫెడ్ తన పుస్తకాల్లోనే చూపిస్తుంది. 12 బ్యాంకుల ఉద్యోగులు, బోర్డు ఉద్యోగులు అందులో ఉన్నారు. పథకం ఆస్తులు చెల్లించాల్సిన పెన్షన్ల ప్రస్తుత విలువను మించితే, ఆ మిగులు న్యూయార్క్ పట్టీలో ముందుగా చెల్లించిన పెన్షన్ ఖర్చుగా ఆస్తుల్లో నిలుస్తుంది. తక్కువైతే బాధ్యత అవుతుంది. వడ్డీ రేట్లు మారినప్పుడు పెన్షన్ల ప్రస్తుత విలువ మారుతుంది, షేర్ల ధరలు మారితే పథకం ఆస్తులు మారతాయి. ఏడాది చివర్లో న్యూయార్క్ 'ఇతర' పద్దులు క్లీవ్‌లాండ్, రిచ్‌మండ్‌లతో పోలిస్తే అడ్డదిడ్డంగా మారడానికి ఇదొక కారణం. తలసరి ఉద్యోగి లెక్కన బ్యాంకులను పోల్చేవాళ్లు ఈ పద్దు తీసేసి పోల్చాలి.

రెండోది సెక్యూరిటీల వాటా. వ్యవస్థ మొత్తం కొన్న సెక్యూరిటీలు ఒకే ఉమ్మడి ఖాతాలో ఉంటాయి, కొనుగోళ్లు న్యూయార్క్ ఫెడ్ చేస్తుంది. అందులో ఒక్కో బ్యాంకుకు వాటా ఉంటుంది, రావలసిన వడ్డీ ఆ వాటా ప్రకారమే పంచుతారు. ఏటా ఏప్రిల్‌లో ఈ వాటాలు మళ్లీ లెక్కిస్తారు. ఆ వారం ఒక్కో బ్యాంకు 'ఇతర ఆస్తులు' మారతాయి, ఉమ్మడి మొత్తం మాత్రం కదలదు. ఏప్రిల్ మధ్యలో ఒక బ్యాంకు వడ్డీ పద్దు ఒక్కసారి పెరిగిందని కంగారుపడేముందు 5వ పట్టిక చూడాలి.

ఈ పంపకానికి ఆధారం అంతర్జిల్లా పరిష్కార ఖాతా. డల్లాస్ ఫెడ్‌లో ఖాతా ఉన్న బ్యాంకు నుంచి ఒక తెలుగు ఉద్యోగి న్యూజెర్సీలో ఇల్లు కొనడానికి 1 లక్ష డాలర్లు ఫెడ్‌వైర్‌లో (ఫెడ్ నడిపే బ్యాంకుల మధ్య చెల్లింపుల వ్యవస్థ) పంపాడనుకోండి. అందుకునే బ్యాంకు ఖాతా న్యూయార్క్ ఫెడ్‌లో ఉంది. డల్లాస్‌కు డిపాజిట్ బాధ్యత 1 లక్ష తగ్గింది, న్యూయార్క్‌కు 1 లక్ష పెరిగింది. రెండు పట్టీలూ సరిపోవాలంటే న్యూయార్క్‌కు ఆస్తిగా +1 లక్ష, డల్లాస్‌కు ఆస్తుల వైపే −1 లక్ష రాస్తారు. 12 బ్యాంకుల అంకెలు కూడితే సున్నా రావాలి. ఆ సొమ్ము ఏ ఊరి శాఖ నుంచి పోయిందన్నది లెక్కలోకి రాదు, బ్యాంకు ప్రధాన ఖాతా ఏ రిజర్వ్ బ్యాంకులో ఉందన్నదే లెక్క. ఆస్తుల వైపు మైనస్ చూసి అచ్చుతప్పు అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

విదేశీ కరెన్సీ ఆస్తులు యూరోల్లోనూ యెన్‌లలోనూ ఉన్నాయి, రోజూ మార్కెట్ మారకపు రేటుకు విలువ కడతారు. బ్యాంకుల మధ్య వాటి పంపకం నిరుటి డిసెంబరు 31 నాటి మూలధనం, మిగులు నిష్పత్తిలో జరుగుతుంది. దీనికి సొంత లైను ఉంది.

నష్టం ఉన్న చోటు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. రిజర్వ్ బ్యాంకు రాబడిలోంచి ఖర్చులు, సభ్య బ్యాంకులకు డివిడెండ్, మిగులును పరిమితి దగ్గర నిలపడానికి కావలసింది తీసేశాక మిగిలిందంతా ట్రెజరీకి వెళ్లాలి. ఆ లెక్క వారం వారం, బ్యాంకు బ్యాంకుకూ విడిగా చేస్తారు. రాబడి చాలకపోతే ట్రెజరీకి పంపడం ఆగిపోతుంది. చాలని మొత్తం 'వాయిదా ఆస్తి'గా నమోదవుతుంది. భవిష్యత్తులో ట్రెజరీకి పంపాల్సిన సొమ్ములోంచి ముందుగా మినహాయించుకునే మొత్తం అన్నమాట. ఎవరి దగ్గరా వసూలు చేసే హక్కు ఇందులో లేదు. ట్రెజరీ దీన్ని చెల్లించదు, దీని మీద వడ్డీ రాదు.

వారపు పత్రంలో ఇది ఆస్తుల వైపు లేనే లేదు. 2011 జనవరిలో వచ్చిన అకౌంటింగ్ మార్పు నుంచి ట్రెజరీకి చెల్లించాల్సిన మొత్తం అప్పుల వైపు రోజూ లెక్కవుతోంది. రాబడి చాలనప్పుడు అదే లైను మైనస్‌లోకి వెళుతుంది. కానీ ఆడిట్ అయిన వార్షిక నివేదికలో అదే మొత్తం ప్లస్ గుర్తుతో ఆస్తుల వైపు సొంత లైనులో కనిపిస్తుంది. ఒకే వ్యవస్థ, ఒకే రోజు, రెండు పత్రాల మొత్తం ఆస్తులు కలవకపోవడానికి పెద్ద కారణం ఇదే. 2023 చివర ఈ ఒక్క పద్దే దాదాపు 133 బిలియన్లు. 'ఇతర ఆస్తులు' లైనును ఎంత శ్రద్ధగా తవ్వినా ఇది దొరక్కపోవడంలో ఆశ్చర్యం లేదు.

చిన్న లెక్క. ఒక బ్యాంకుకు ఒక వారం రాబడి 100, వడ్డీ, ఇతర ఖర్చులు 130, డివిడెండ్ 2 అనుకుందాం. లోటు 32. ట్రెజరీ లైను −32. వచ్చే వారం అన్నీ పోను 10 మిగిలితే లైను −22కు వస్తుంది, ట్రెజరీకి ఏమీ వెళ్లదు. −22 సున్నా అయ్యాకే మళ్లీ పంపడం మొదలవుతుంది. నష్టం వచ్చిన వారం కూడా డివిడెండ్ ఆగదని గమనించాలి, అది కూడా వాయిదా ఆస్తిలోకే చేరుతుంది.

అసలు అంకెలతో ఇది సరిపోతుందా? 2022 చివర వాయిదా ఆస్తి దాదాపు 16.6 బిలియన్లు, 2023 చివర దాదాపు 133 బిలియన్లు. పెరుగుదల 116 బిలియన్లకు పైన. నష్టమో 114.3. రెండు బిలియన్లకు పైబడిన తేడాలో ఎక్కువ భాగం డివిడెండ్. మిగిలిన దాంట్లో ముఖ్యమైనది, ఆ ఏడాది కూడా లాభంలో ఉన్న కొద్ది ప్రాంతీయ బ్యాంకులు ట్రెజరీకి పంపిన సొమ్ము. వాళ్ల లాభం ఉమ్మడి నష్టాన్ని తగ్గించి చూపింది, కానీ పక్క బ్యాంకు వాయిదా ఆస్తిని తగ్గించలేదు. ఉమ్మడి పట్టీ ఒక్కటే చదివితే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు.

నష్టం ఎందుకు వచ్చిందో కూడా ఈ పద్దుల భాషలోనే చెప్పొచ్చు. 2020 నుంచి 2022 దాకా కొన్న సెక్యూరిటీల కూపన్లు తక్కువ, అవి మారవు. బ్యాంకుల రిజర్వుల మీద ఫెడ్ చెల్లించే వడ్డీ 2022 మార్చి ముందు 0.15 శాతం ఉండేది, 2023 జులై నాటికి 5.40 శాతం అయ్యింది. 2023లో సెక్యూరిటీల నుంచి వచ్చిన వడ్డీ దాదాపు 163.8 బిలియన్లు. రిజర్వుల మీద కట్టింది 176.8, రివర్స్ రెపోల (సెక్యూరిటీలు ఇచ్చి ఫెడ్ తాత్కాలికంగా తీసుకునే సొమ్ము) మీద 104.3. రావలసిన వడ్డీ పద్దు మామూలుగానే ఊగుతూ ఉండగా ఖర్చు వైపు వరద వచ్చింది. కాబట్టి 'ఇతర ఆస్తులు' స్థిరంగా ఉండటం లెక్కల్లో దాపరికం కాదు, స్థిర కూపన్ల సహజ ఫలితం.

భారత రిజర్వ్ బ్యాంకుకు ఇలాంటి పద్దు అవసరం పడకపోవడానికి కారణం నిధుల పద్ధతి. బిమల్ జలాన్ కమిటీ 2019లో సూచించినట్టు మొత్తం పట్టీలో 5.5 నుంచి 6.5 శాతం ఆకస్మిక నష్టాల కోసం పక్కన పెట్టి, మిగిలిందే కేంద్రానికి ఇచ్చేవారు. 2025లో ఆ హద్దులను 4.5 నుంచి 7.5 శాతంగా సవరించారు. అక్కడ నష్టం వస్తే ముందు ఆ నిధి తగ్గుతుంది. అమెరికాలో కాంగ్రెస్ మిగులుకు పరిమితి పెట్టి, 2015 నుంచి దాన్ని తగ్గిస్తూ వచ్చింది. 10 బిలియన్ల నుంచి 7.5, తర్వాత 6.825, 2021 నుంచి 6.785. నష్టాన్ని పీల్చుకునే నిధి ఉంచుకోనివ్వనప్పుడు, వాయిదా పద్దు తప్ప వేరే దారి మిగల్లేదు. మా అభిప్రాయంలో వారపు పత్రంలోనూ దీన్ని వార్షిక నివేదికలాగే ఆస్తుల వైపు, సొంత పేరుతో చూపితే చదివేవారికి మేలు. మైనస్ అప్పు అనే రూపం లెక్కకు తప్పు కాకపోయినా, పట్టీ మొత్తం సైజును తక్కువగా చూపుతుంది.

పని చేసే వరస

ముందు బుధవారం తేదీ, దగ్గరి కూపన్ తేదీలు రాసుకోవాలి. 5వ పట్టికలో మూడు లైన్లు కూడి 6వ పట్టికతో సరిచూడాలి. అంతర్జిల్లా ఖాతాల మొత్తం సున్నా వచ్చిందో లేదో చూడాలి. ఈ రెండూ సరిపోతేనే ముందుకెళ్లాలి, లేకపోతే మిగతా పనంతా వృథా. తర్వాత మూడు నెలల వడ్డీ సూత్రంతో రావలసిన వడ్డీని అంచనా వేసి, 'ఇతర ఆస్తుల్లోంచి' తీసెయ్యాలి. సూత్రం సగటే ఇస్తుంది కాబట్టి, మిగిలింది కూపన్ తేదీకి అంతే దూరంలో ఉన్న నిరుటి బుధవారంతో పోలిస్తే పెద్దగా కదలకూడదు. కదిలితే వర్గీకరణ మార్పుగానీ, ఒక పెద్ద బకాయిగానీ ఉన్నట్టు.

ఆపై అప్పుల వైపు తిరిగి, ట్రెజరీకి చెల్లించాల్సిన లైను బ్యాంకు బ్యాంకుకూ విడిగా తీసుకోవాలి. మైనస్ ఉన్న బ్యాంకులకు దాన్ని గుర్తు మార్చి ఆస్తుల్లో కలిపితే వార్షిక నివేదిక మొత్తానికి దగ్గరపడతాం. ప్లస్ ఉన్న బ్యాంకుల జోలికి వెళ్లకూడదు, అది నిజంగానే ఆ వారం ట్రెజరీకి పోవాల్సిన సొమ్ము. 12 అంకెలను ముందే కూడేసి ఒక్కసారి గుర్తు మారిస్తే, లాభంలో ఉన్న బ్యాంకు బాకీ నష్టంలో ఉన్న బ్యాంకు వాయిదా ఆస్తిని మింగేస్తుంది. మొత్తం చిన్నగా తేలుతుంది, కారణం కనపడదు.

న్యూయార్క్ విషయంలో ఇంకో మెట్టు ఉంది. డిసెంబరు 31 అంకెకూ దానికి ముందు బుధవారం అంకెకూ తేడా వస్తే, పెన్షన్ పద్దును ఏడాది చివర మళ్లీ లెక్కకట్టడం ముందు చూడాలి. వార్షిక నివేదికలో ఉద్యోగుల ప్రయోజనాల నోట్‌లో పథకం ఆస్తులు, బాధ్యతలు, రెండింటి తేడా మూడూ ఇస్తారు. ఆ తేడా సర్దుబాటు చేశాక కూడా మిగిలింది ఉంటే, ఒప్పందం తేదీకీ సొమ్ము చేతులు మారిన తేదీకీ మధ్య ఉన్న కొనుగోళ్లను వెతకడం దండగ. ఫెడ్ పుస్తకాల్లో అవి ఇంకా ఎక్కి ఉండవు.